గడప లోపలి విద్యుత్తు

ఇల్లు కట్టుకొని వైరింగు చేయించు గృహస్థునకు ఒక సందేహము కలుగుట సహజము. జాతీయ ప్రమాణములలో చెప్పినట్లే తీగెలు వేయించవలెనని చట్టము శాసించుచున్నదా? లేక అది నిపుణులు చెప్పిన హితవు మాత్రమేనా? పనివాడు "అవన్నీ పుస్తకాల మాటలండీ" అని తేల్చివేయును. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్న మనము కొంత చరిత్రలోనికి పోవలెను.

విద్యుద్దీపములతోపాటే అగ్నిభయమును వచ్చినది. 1882లో లండను నగరమునందలి విద్యుత్ ఇంజనీర్ల సంఘము, దీపముల తీగెల వలన ఇండ్లు తగులబడకుండ కొన్ని సూత్రములను ప్రకటించినది. అమెరికాలో అట్టి సూత్రావళి 1897లో వెలసినది. వీనిని కూర్చినవారు వృత్తి నిపుణులేగాని శాసనకర్తలు కారు. తరువాత అమెరికాలో పలు రాష్ట్రములు, నగరములు ఆ గ్రంథమునే తమ శాసనముగ స్వీకరించినవి. ఇంగ్లండులో నివాస గృహముల వైరింగు భవన నిర్మాణ నియమముల పరిధిలోనికి వచ్చుటకు 2005 వరకు పట్టినది. ప్రమాణము వేరు, చట్టము వేరు అను భేదము నాటినుండియు ఉన్నదే.

మన దేశమున బ్రిటిషు ప్రభుత్వము 1887లోను, 1903లోను, 1910లోను విద్యుత్ చట్టములు చేసినది. గద్వాల, వనపర్తి అప్పుడు నిజాము రాజ్యములోని సంస్థానములు. నాగర్‌కర్నూలు కూడ ఆ రాజ్యములోనిదే. కనుక బ్రిటిషు ఇండియా కొరకు చేసిన చట్టము ఇచటివారికి నేరుగా చెందినది కాదు. 1948లో హైదరాబాదు భారతదేశమున చేరినది. 1956లో భారత విద్యుత్ నియమావళి వెలువడినది. ఆ సంవత్సరమే నవంబరు 1న ఈ ప్రాంతము ఆంధ్రప్రదేశములో భాగమైనది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ వెలసినదియు ఆ యేటనే.

ఆ 1956 నియమావళి గృహస్థుని గడప దాటి లోనికి వచ్చినది. వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరే, అర్హతాపత్రము గలవాని పర్యవేక్షణలో చేయవలెనన్నది. బల్బు, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చుకొనుటకు మాత్రము మినహాయింపు నిచ్చినది. కనెక్షను ఇచ్చుటకు ముందు, ఇంటి తీగెలలో ప్రమాదకరమైన లీకేజీ లేదని సరఫరాదారు పరీక్షించి తృప్తి చెందవలెనన్నది. న్యూట్రలు తీగెకు విడిగా ఫ్యూజుగాని స్విచ్చిగాని ఉండరాదన్నది. ఈ చివరి నియమము వెనుక గట్టి కారణమున్నది. న్యూట్రలు ఫ్యూజు పోయినచో దీపము ఆరిపోవును. కాని రెండవ తీగెలో విద్యుత్తు అట్లే నిలిచియుండును. దీపము ఆరినది గదా యని చేయి పెట్టినవాని ప్రాణము పోవచ్చును.

ఇక ప్రమాణముల సంగతి. 1947లో భారత ప్రమాణముల సంస్థ స్థాపితమైనది. భవనముల వైరింగునకు సంబంధించిన ఐ.ఎస్. 732 అను ప్రమాణము 1958లో తొలుత వెలువడి, పలుమార్లు సంస్కరింపబడినది. ఇట్టి ప్రమాణముల సారమును క్రోడీకరించిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడు 1985లో వచ్చినది. వీనికి చట్టముతో గల సంబంధమేమి? 2003 విద్యుత్ చట్టము భద్రతా నియమములు చేయు బాధ్యతను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు అప్పగించినది. ఆ సంస్థ 2010లో చేసిన నియమములలో రెండు మాటలు జాగ్రత్తగా చదువదగినవి. పని విధానమునకు ప్రమాణ గ్రంథములను "అనుసరింపవచ్చును" అన్నారు. వాడు సామగ్రి మాత్రము ప్రమాణమునకు తగినట్లు "ఉండవలెను" అన్నారు. 2023లో వాటి స్థానమున కొత్త నియమములు వచ్చినవి. 

కనుక పనివాని మాట పూర్తిగా నిజము కాదు. 2010 నియమములలో వైరింగు గ్రంథములోని ప్రతి వాక్యమును శాసనము కాలేదు. కాని తీగె, స్విచ్చి ఎట్టివో, పని ఎవరు చేయవలెనో, ఎర్తు, న్యూట్రలు ఎట్లుండవలెనో శాసనమే చెప్పుచున్నది. ప్రమాదము జరిగి విచారణ వచ్చినచో, పని సక్రమముగ జరిగినదా లేదా యని తేల్చుటకు నిపుణుడు చేతబట్టు కొలబద్ద ఆ గ్రంథమే. "అనుసరింపవచ్చును" అన్న మాటను "అక్కరలేదు" అని చదువుకొనుట గృహస్థునకు క్షేమము కాదు.

2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైనవి. గద్వాల దాపున జూరాల వద్దను, నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమునందును కృష్ణవేణి విద్యుత్తునిచ్చుచున్నది. ఆ భూగర్భ కేంద్రముననే 2020 ఆగస్టు 20 రాత్రి అగ్నిప్రమాదము జరిగి తొమ్మండుగురు మరణించిరి. శిక్షణ పొందినవారు రేయింబవళ్లు కాచియుండు చోటనే అంతటి విపత్తు కలిగినది. మన ఇండ్లలో తీగెలు ఒకమారు గోడలోనికి పోయిన పిమ్మట వానిని తరచి చూచువారెవ్వరు? మీటరు వరకు సరఫరా సంస్థ చూచుకొనును. ఆపైన భారము మనదే. మూడు పిన్నుల ప్లగ్గు కొని, మూడవ పిన్నుకు ఎర్తు తీగెయే లేకుండ వాడుకొను ఇండ్లు ఎన్నియో కలవు. వానలు పడి గోడలు చెమ్మగిల్లకముందే లైసెన్సు గలవానిని పిలిపించి, ఆ తీగె ఉన్నదో లేదో చూపించుకొనవలెనని మా మనవి.