ఇంజను నుండి వెనుక చక్రమునకు

మోటారు సైకిలును గూర్చి ముచ్చటించునప్పుడు జనులు ఇంజను బలమునే కొనియాడుదురు. కాని ఆ బలము వెనుక చక్రమును చేరినగాని బండి కదలదు. ఇంజనుకును చక్రమునకును నడుమ నున్న దూరము మూరెడే. దానిని దాటించుటకు నూరేండ్లకు పైగా ఎందరో పాటుపడిరి. రౌతు సంచిలో ఏ పనిముట్లు ఉండవలెనో నిర్ణయించినది కూడ ఆ పాటే.

1894లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనువారు అమ్మకమునకు తెచ్చిన బండిలో గొలుసు లేదు, పట్టా లేదు. రైలు ఇంజనులోవలె కడ్డీలే తిన్నగా వెనుక చక్రమును త్రిప్పెడివి. చక్రమును ఇంజను నుండి విడదీయు ఉపాయము లేనందున, బండి ఆగినచో ఇంజనును ఆగిపోయెడిది.

తరువాత తోలు పట్టాకు ప్రాబల్యము కలిగెను. పట్టా మెత్తనిది, చవుకది. ఇంజను కుదుపులను తానే మ్రింగుకొనెడిది. కాని వాన కురిసిన జారును, ఎండ కాసిన సాగును. అప్పుడు రౌతు దారి ప్రక్కన దిగి, సాగిన ముక్కను కోసి, తోలుకు రంధ్రము పొడిచి, కొక్కెముతో మరల కూర్చవలసివచ్చెడిది. అందుచే పట్టా పొడుచు పనిముట్టు, కొన్ని కొక్కెములు లేక ఎవరును దూరప్రయాణమునకు సాహసించెడివారు కారు.

ఈ చిక్కును తీర్చిన గొలుసు మోటారు సైకిలు కొరకు పుట్టినది కాదు. 1864లో ఇంగ్లండులో జేమ్స్ స్లేటర్ ఒక గొలుసునకు పేటెంటు పొందెను. స్విట్జర్లండున పుట్టి మాంచెస్టరు ప్రాంతమున స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1879లో స్లేటరు వ్యాపారమును కొని, మరుసటి యేడు తన క్రొత్త గొలుసునకు పేటెంటు పొందెను. పాత గొలుసులో పిన్ను బరువంతయు పలుచని రేకుల అంచులపై పడి, అవి త్వరగా అరిగెడివి. రెనాల్డ్ రేకుల నడుమ గొట్టము వంటి బుష్షును అమర్చెను. బరువు పిన్ను వెడల్పంతటను పరచుకొనెను. బుష్షుపైని రోలరు పండ్లచక్రముపై దొర్లుటచే రాపిడి తగ్గెను. నూలుమిల్లుల యంత్రములకు పనికివచ్చిన ఈ గొలుసు సైకిలుకు, పిదప మోటారు సైకిలుకు సంక్రమించెను.

1911లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున సీనియర్ టీ.టీ. పందెము మొదటిసారిగా కొండదారిన జరిగెను. అమెరికా దేశపు ఇండియన్ బండ్లు మొదటి మూడు స్థానములను గెలుచుకొన్నవి. వానికి రెండు గేరులును, పూర్తిగా గొలుసు నడకయు కలవు. ఎక్కుడు దారిలో పట్టా బలహీనతను ఆనాడు లోకము చూచెను.

గొలుసునకు పోటీ లేకపోలేదు. 1923లో బీ.ఎం.డబ్ల్యూ. వారి ఆర్-32 బండిలో చక్రమును త్రిప్పునది ఇరుసు కడ్డీ. అది శుభ్రమైనది, చప్పుడు తక్కువది. కాని దాని పండ్లు చెడినచో కార్ఖానాకు పోక తప్పదు. గొలుసు అట్లు కాదు. తెగిన లింకును మాత్రమే తీసి, వేరొకటి వేసి, దారిలోనే సాగిపోవచ్చును. నేటికిని పెక్కు మోటారు సైకిళ్ళు గొలుసునే నమ్ముకొనుటకు ఇదియు ఒక కారణము.

మన ప్రాంతమునకు ఈ విద్య బాగుగా అలవడినది 1955 తరువాతనే. ఆ యేట ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారితో మద్రాసు మోటార్సు వారు చేయి కలిపిరి. మద్రాసు చెంత తిరువొత్తియూరులో బుల్లెట్ బండ్లు తయారైనవి. 1961లో మైసూరున జావా బండ్ల ఉత్పత్తి మొదలయ్యెను. జావాలో గొలుసునకు పూర్తి కవచము కలదు. ఆనాటి బండ్లు ఇంకను నడచుచున్నవి కనుక వాని మరమ్మతు పద్ధతి తెలిసియుండుట మేలు.

మొదట కొలత. ఇట్టి పాత బుల్లెట్ గొలుసులో 16 లింకులు 10 అంగుళములు ఉండవలెను. బిగించి కొలిచినప్పుడు అంగుళములో అయిదవ వంతు పెరిగినచో అది నూటికి 2 వంతులు సాగినట్లు, దానిని మార్చవలెను. పండ్లు కొక్కెములవలె వంగినచో పండ్లచక్రమును కూడ మార్చవలెను. అరిగిన పండ్లపై క్రొత్త గొలుసు త్వరలోనే చెడును. పాత బుల్లెట్‌లో వెనుక పండ్లచక్రము బ్రేకు డ్రమ్ముతో ఏకముగా ఉండును గనుక రెండును కలిపియే మార్పు.

పాత గొలుసును ఊడదీయక ముందే క్రొత్తదాని కొనను దాని కొనకు తగిలించి చక్రమును త్రిప్పినచో, క్రొత్తది తానై ముందు పండ్లచక్రమును చుట్టివచ్చును. కలుపు లింకు క్లిప్పునకు మూసిన ముఖము గొలుసు పోవు దిక్కున ఉండవలెను. తెరచిన ముఖము ఎదురైనచో ఏదైన తగిలి క్లిప్పు ఊడిపోవును. లింకు తీయుటకు రివెట్టు ఊడదీయు మరపనిముట్టే వాడవలెను. సుత్తిదెబ్బలకు ప్రక్క రేకులు వంగును. ముందు పండ్లచక్రము క్లచ్చి వెనుక దాగియుండును. క్లచ్చిని దాని పుల్లరుతోనే లాగవలెను. సుత్తితో కొట్టినచో గేరుపెట్టె బేరింగు పాడగును.

ఇరుసుకు ఇరువైపుల నున్న నత్తగుల్ల బిళ్ళలను సమానముగా త్రిప్పి, రెండు చక్రములు ఒకే గీతలో ఉన్నవో లేవో దారముతో చూడవలెను. గొలుసు అంతటను సమముగా అరుగదు. అందుచే చక్రమును త్రిప్పుచు, అన్నిటికంటె బిగువైన చోట సుమారు 1 అంగుళము ఆట ఉంచవలెను. ఇంజను నడచుచుండగా గొలుసును తుడువరాదు, వ్రేళ్ళు పోవును.

పాత గొలుసును కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, కరిగించిన గ్రాఫైటు గ్రీజులో ముంచుట వాడుక. రబ్బరు వలయములుగల నేటి గొలుసులకు ఈ పద్ధతి తగదు.

ఇవన్నియు చిన్న పనులే. కాని వదులైన గొలుసు పండ్లపై నుండి జారి ఇరుకుకొన్నచో వెనుక చక్రము ఒక్కసారి బిగుసుకొనును. వేగముగా పోవుచున్న రౌతు ప్రాణమునకే ముప్పు. గొలుసు తెగుటకు ముందు చాల దినములు సాగుచు హెచ్చరించుచునే యుండును. ఆ హెచ్చరికను చదువుటకు కావలసినది ఒక కొలబద్ద, కొంత ఓపిక.