బ్లూ స్కై బాయ్స్

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, హికరీ ప్రాంతానికి చెందిన అన్నదమ్ముల జంట. అన్న బిల్ బోలిక్ (1917–2008) మాండొలిన్, తమ్ముడు ఎర్ల్ (1919–1998) గిటార్ వాయించేవారు. అపలాచియన్ కొండసీమల పాత పాటలు, హత్యోదంతాల గాథలు, చర్చి కీర్తనలు వారి ప్రధాన సంపద. 1936 జూన్‌లో షార్లెట్ నగరంలో ఆర్‌సీఏ వారి బ్లూబర్డ్ లేబుల్‌కు తొలి రికార్డులు ఇచ్చారు.

ఈ జంట గొప్పతనమంతా గొంతులు కలిపిన తీరులోనే ఉంది. ఎర్ల్ అసలు వరసను నింపాదిగా పాడుతుంటే, బిల్ అదే పదాలను అదే క్షణంలో పై స్వరాలలో అందుకునేవాడు. ఎవరి గొంతూ రెండోదాన్ని మింగేయదు. పైగా బిల్ మాండొలిన్ ఆ వరసనే తిరిగి మీటకుండా తనదైన మరో స్వరపంక్తి నడుపుతుంది. దాంతో ఇద్దరు పాడుతున్నా ముగ్గురు వినిపిస్తారు. ఎంత ఘోరమైన కథనైనా గొంతు పెంచకుండా చెప్పడం వల్ల ఆ విషాదం మరింత లోతుగా తాకుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చి, 1946లో మళ్లీ పాట మొదలుపెట్టారు. ‘కెంటకీ’ పాట ఆ రోజుల రికార్డే. ఎలక్ట్రిక్ గిటార్ చేర్చమని రికార్డు సంస్థ అడిగితే ఒప్పుకోలేదు. వారి సంగీతానికి అదే న్యాయం. 1951లో విరమించారు. 1960లలో జానపద సంగీతానికి ఆదరణ పెరగడంతో మళ్లీ కొన్ని కచేరీలు చేసి, రికార్డులు ఇచ్చారు.