కంప్యూటర్ ఫ్యాన్ వేగం: వేడిని బట్టి ఎలా మారుతుంది?

ఎండలు మొదలయ్యాయంటే చాలు, ఇళ్లల్లో, డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ ఫ్యాన్లు హోరెత్తిపోతాయి. పాడైందేమోనని కొందరు ఫ్యాన్ మార్చేస్తారు. ఇంకొందరు మోత భరించలేక సెట్టింగుల్లో వేగం తగ్గించేస్తారు. రెండూ తొందరపాటే.

ఎలా పని చేస్తుంది?

ప్రాసెసర్ లోపలే వేడిని కొలిచే సెన్సర్ ఉంటుంది. మదర్‌బోర్డు ఆ అంకెను చూస్తూ, ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే లెక్క ప్రకారం ఫ్యాన్‌ను నడుపుతుంది. దీన్నే ఫ్యాన్ కర్వ్ అంటారు. ఉదాహరణకు 40 డిగ్రీల దగ్గర 30 శాతం, 60 దగ్గర 50 శాతం, 80కి చేరితే పూర్తి వేగం.

3 పిన్నులా, 4 పిన్నులా?

3 పిన్నుల ఫ్యాన్ వేగం తగ్గాలంటే దానికిచ్చే వోల్టేజీ తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఆగిపోతుంది. 4 పిన్నుల ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మీద సెకనుకు దాదాపు 25 వేల సార్లు ఆన్, ఆఫ్ అయ్యే పీడబ్ల్యూఎం సిగ్నల్ వస్తుంది. అందులో ఆన్‌లో ఉండే సమయం పెరిగితే వేగం పెరుగుతుంది.

3 పిన్నుల ఫ్యాన్ పెట్టి బయోస్‌లో పీడబ్ల్యూఎం మోడ్ ఉంచితే అది ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. డీసీ మోడ్‌కు మార్చుకోవాలి.

ఎండాకాలం మోత ఎందుకు?

ఫ్యాన్ ఏసీ కాదు, గదిలో గాలినే విసురుతుంది. 25 డిగ్రీల గదిలో 60 డిగ్రీలు చూపించే ప్రాసెసర్, గది 40కి చేరితే అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి దాదాపు 75 చూపిస్తుంది. అందుకే ఫ్యాన్ వేగం పెంచుకుంటుంది. దాన్ని ఆపితే చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లో తమ పనిని తామే నెమ్మది చేసుకుంటాయి. ఇంకా వేడెక్కితే కంప్యూటర్ ఆగిపోతుంది. సేవ్ చేయని పని అంతా పోయినట్టే.

ఏం చేయాలి?

ముందు కరెంటు తీసేసి హీట్‌సింక్ మీది దుమ్ము దులపాలి. ఆ టైంలో ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఏళ్లనాటి కంప్యూటరైతే థర్మల్ పేస్ట్ మార్పించాలి. అప్పటికీ మోత తగ్గకపోతే బయోస్‌లోకి వెళ్లి కర్వ్ సరిచేసుకోవచ్చు. లైనక్స్‌లో పీడబ్ల్యూఎంకాన్ఫిగ్, ఫ్యాన్‌కంట్రోల్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి.

తక్కువ వేడి దగ్గర వేగం ఎంత తగ్గించుకున్నా పర్వాలేదు, ఫ్యాన్ ఆగకుండా ఉంటే చాలు. పై అంచు దగ్గర మాత్రం 100 శాతమే ఉంచండి.