దేవతల పగలు, గొల్లపల్లి పగలు

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూసలు గుచ్చ పొద్దుండదు అని తెలుగు పల్లెల్లో సామెత. జగిత్యాల జిల్లా గొల్లపల్లి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు 11 గంటలకు కుదించుకుపోతుంది. జూన్ 21 నాటికి పదమూడుంపావు గంటలు సాగుతుంది. ఏడాది మొత్తంలో తేడా రెండుంపావు గంటలే అయినా, సామెత పుట్టడానికి అది చాలింది.

గోడ గడియారాలు రాకముందు ఈ తేడాను కొలిచింది గడియకుడుక. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. బెజ్జంలోంచి నీరు మెల్లగా ఎక్కి, 24 నిమిషాలకు గిన్నె బుడుంగున మునిగేది. అది ఒక గడియ. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. ఆ లెక్కన గొల్లపల్లిలో పెద్ద పగలు 33 గడియలు, చిన్న పగలు ఇరవై ఏడున్నర.

గడియలు లెక్కగట్టిన పంచాంగమే ఉత్తరాయణం దేవతలకు పగలు, దక్షిణాయనం రాత్రి అని కూడా చెబుతుంది. ఇది వట్టి పురాణ కల్పన కాదు. 499 నాటి లెక్కలతో ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయం గోళపాదంలో దేవతలుండే మేరువు ఉత్తర ధ్రువం. అక్కడివారికి ఒకసారి ఉదయించిన సూర్యుడు అర్ధ సంవత్సరం కనిపిస్తూనే ఉంటాడని ఆయన తేల్చాడు. దక్షిణ ధ్రువంలోని బడబాముఖవాసులకు మిగిలిన అర్ధం. మంచు సముద్రాన్ని కంటితో చూడకుండానే, గోళాన్ని మనసులో తిప్పి చూసి తేల్చిన విషయమది.

అయితే ఇక్కడొక చిక్కుంది. ధ్రువంలో సూర్యోదయం ఉత్తరాయణం మొదట్లో కాదు, మూడు నెలల తరువాత, మార్చి విషువత్తు నాడు. ఉత్తరాయణం మొదలయ్యేది అక్కడి నడిరేయిలో. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు ఈ తేడాను దాచిపెట్టలేదు. సూర్యుడు పగటి వైపు మొగ్గు చూపిన కాలాన్నే జ్యోతిష సంహితలు రాసినవారు పగలన్నారని, అది ఫలం చెప్పడం కోసమని వివరించాడు. ఆచారాన్ని తోసిపుచ్చకుండానే గణితాన్ని నిలబెట్టిన తీరు మెచ్చదగ్గది.

గొల్లపల్లి పగటికీ ధ్రువం పగటికీ ఇంత తేడా రావడానికి కారణం భూమి ఒరుగులో ఉంది. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి, ఆ వాలును మార్చుకోకుండానే సూర్యుణ్ణి చుట్టివస్తుంది. గొల్లపల్లిలో సూర్యుడు రోజూ తిరిగే వలయాన్ని దిక్చక్రం దాదాపు సగానికి కోస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ కోత ఎగుడుదిగుడవుతుంది. 66.5 డిగ్రీల దగ్గర జూన్ 21న వలయమంతా దిక్చక్రం పైనే ఉండిపోతుంది. ధ్రువంలోనైతే సూర్యుడు కల్లంలో గుంజ చుట్టూ తిరిగే ఎడ్లలాగా, దాదాపు ఒకే ఎత్తులో దిక్కులన్నీ చుట్టివస్తాడు. రాత్రి ఆరు నెలలున్నా అంతా కటిక చీకటి కాదు. సంధ్య వెలుగు పోగా మిగిలేది సుమారు రెండున్నర నెలలు.

ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఇంకా వివరంగా వెళ్లింది. ధనుస్సు, మకరాల్లో రెండు నెలలు సూర్యుడు కనిపించని చోటును, వృశ్చికం నుంచి కుంభం దాకా నాలుగు నెలలు కనిపించని చోటును విడివిడిగా చెప్పింది. ఒరుగును 24 డిగ్రీలుగా తీసుకున్న ఆ లెక్క ప్రకారం మొదటిది 69 డిగ్రీల పైచిలుకు, రెండోది 78 డిగ్రీల పైచిలుకు. అంటార్కిటికాలో 2012లో మొదలైన భారత పరిశోధన కేంద్రం భారతి సరిగ్గా 69 డిగ్రీల 24 నిమిషాల దక్షిణ అక్షాంశం మీద ఉంది. 2008లో స్వాల్‌బార్డ్‌లో తెరిచిన మరో భారత పరిశోధన కేంద్రం హిమాద్రి 79 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ అక్టోబరు చివర మునిగిన పొద్దు మళ్లీ ఫిబ్రవరి మధ్యలోనే పొడుస్తుంది.

గొల్లపల్లికి పొరుగు జిల్లా అయిన నిజామాబాద్‌లోని పాకాల గ్రామానికి చెందిన పర్వతారోహకురాలు మలావత్ పూర్ణ, 2019 డిసెంబరులో అంటార్కిటికాలోని 4,892 మీటర్ల విన్సన్ శిఖరం ఎక్కింది. పాకాలలో అప్పుడు మాట్లాడ పొద్దు లేని కాలం. ఆమె నిలబడ్డ మంచు మీద మాత్రం 60 గడియలూ పగలే.