అప్పు లేకుండా గేమింగ్ కంప్యూటర్: ఏ భాగం ముందు, ఏది తర్వాత

ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఉక్కునగరం క్వార్టర్లలో చాలా ఇళ్లలో మొదలయ్యే మాట ఒకటే: "అబ్బా, గేమింగ్ పీసీ కావాలి." అబ్బా గాజువాకకో ద్వారకానగర్‌కో వెళ్తాడు. రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్ చూపిస్తారు. ధర విని వెనకడుగు వేస్తే "ఈఎంఐ ఉంది సార్, వడ్డీ లేదు" అంటారు.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. నో కాస్ట్ ఈఎంఐ అన్నంత మాత్రాన వడ్డీ మాయం కాదు. చాలా స్కీముల్లో బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గించినట్టు చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. షరీఅత్ ప్రకారం ఇది సూద్ కిందికి వస్తుందా రాదా అన్నది మీ ఇమామ్ సాబ్‌ని అడగండి, అది చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఒక మాట చెప్పగలను: విడిభాగాలతో కట్టించుకునే కంప్యూటర్‌కి అసలు అప్పే అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ని సగం కొనలేం. దీన్ని కొనొచ్చు. వాయిదాలు బ్యాంకుకి కాకుండా మెషీన్‌కే వేసుకోవచ్చు.

అదెలాగంటే, మొత్తం ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుది. మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దానికే పోతుంది. దాన్ని రెండో విడతకు పెట్టుకోండి. మొదటి విడతలో గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. ఏఎండీ రైజెన్ 5 8600జీ అలాంటిదే. సెట్టింగ్స్ తగ్గించుకుంటే వేలరెంట్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 కార్డు లేకుండానే 1080పీలో బాగానే ఆడతాయి. పిల్లాడి చదువు, అమ్మాయి కోడింగ్ క్లాసు, ఇంటి పనులు అన్నీ మొదటి రోజు నుంచే నడుస్తాయి. ఈదీలు, ఓవర్‌టైమ్ డబ్బులు కూడాక కార్డు పెట్టించుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లు కూడా ఎక్కువే. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లలోనూ, రైజెన్ 5 5600లోనూ గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. 8500జీ కొంచెం చవక కదా అనిపిస్తుంది, కానీ రేపు పెట్టబోయే కార్డుకి అది ఇచ్చే దారులు నాలుగే. 8600జీ ఎనిమిది ఇస్తుంది, మామూలు రైజెన్ 5 7600 పదహారు. 7600 లోపలి గ్రాఫిక్స్ స్క్రీన్ చూపించడానికి తప్ప ఆటలకు పనికిరాదు. అయినా రెండు మూడు నెలల్లో కార్డు కొనగలమన్న నమ్మకం ఉంటే 7600 తీసుకోవడమే మేలు, కార్డు పెట్టాక అదే ముందుంటుంది. ఏడాది పడుతుందంటే 8600జీ.

ఈ రెండూ ఏఎమ్5 సాకెట్‌వి. 2022లో వచ్చిన ఈ సాకెట్‌కి కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది, అంటే బోర్డు వృథా పోదు. పాత ఏఎమ్4 చవకే, పని కూడా చేస్తుంది. ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ముందే ఉంటే తప్పేం లేదు. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు, అది గుర్తుంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. వోల్టేజీ లోపంతో అవి క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో తేలింది. ఇంటెల్ బయోస్ అప్‌డేట్ ఇచ్చి వారంటీని రెండేళ్లు పెంచింది గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు.

షాపువాళ్లు తగ్గించేది, మనం అడగనిది ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 అని ఉంటే గుణించండి: 216 వాట్లే. ప్రాసెసరూ కార్డూ తినేది ఈ 12 వోల్టుల నుంచే. నిజమైన 550 వాట్ల దానిలో అక్కడ 45 ఆంపియర్ల దాకా కనిపించాలి. ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లు, 5060 అయితే 145. రెండింటికీ ఎన్విడియా సూచించేది 550 వాట్ల సప్లయ్. ఐదేళ్ల వారంటీ ఉన్న మంచి కంపెనీ 550 గానీ 650 గానీ మొదటి విడతలోనే కొనేయండి. చవక సప్లయ్ కాలిపోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునీ వెంట తీసుకుపోతుంది.

క్యాబినెట్‌ని చేత్తో తాకితే జిల్లుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కంప్యూటర్ తర్వాత. 600 వీఏ యూపీఎస్ అంటే చాలావరకు 360 వాట్లే. అది ఆట ఆడటానికి కాదు, ఫైల్ సేవ్ చేసి మూసేయడానికి.

మన ఊరి సంగతి యూట్యూబ్ వీడియోల్లో దొరకదు. బాల్కనీ తుడిస్తే గుడ్డకి అంటే నల్లటి దుమ్ము బొగ్గూ ఇనుప ఖనిజమూ కలిసింది, పైగా సముద్రపు ఉప్పు తేమ. ఈ రెండూ కలిసి బోర్డు మీద పేరుకుంటే తుప్పు, షార్టు. అందుకే ముందు అద్దం ఉన్న అందమైన క్యాబినెట్ కంటే జాలీ ఉండి, కడుక్కోగల ఫిల్టర్ ఉన్నది మనకు నప్పుతుంది. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఒకటి ఎక్కువ పెట్టించండి, దుమ్ము సందుల్లోంచి రాకుండా ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగండి. మూడు నెలలకోసారి వరండాలో పెట్టి బ్లోయర్ కొట్టండి, ఆ సమయంలో ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. వానాకాలంలో ఊరెళ్తే తప్ప వారాలకొద్దీ ఆఫ్‌లో ఉంచకండి. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ప్లగ్గే కాదు, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో పెద్దవాళ్లకి గుర్తే. కరెంటు వచ్చాక కూడా నిలకడగా ఉందో లేదో చూసి పెట్టండి.

ర్యామ్ విషయానికొస్తే 16 జీబీ తీసుకుంటే 8 చొప్పున రెండు స్టిక్కులు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒక్కటే పెడితే ఆట వేగం బాగా పడిపోతుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. మన విశాఖకే 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ తెస్తామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. విండోస్ 10 గడువు తీరింది కూడా ఆ రోజే, కాబట్టి కొత్త మెషీన్‌లో 11 మాత్రమే వేయించండి. స్టోరేజీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, వీలైతే 1 టీబీ. 500 జీబీ నాలుగైదు పెద్ద ఆటలకే నిండిపోతుంది.

దుబాయ్‌లో, జిద్దాలో ఉన్న మామూ కార్డు తెస్తానంటే సంతోషమే. కానీ కస్టమ్స్‌లో ఒక ల్యాప్‌టాప్‌కి ఇచ్చే మినహాయింపు గ్రాఫిక్స్ కార్డుకి వర్తించదు. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కూడా ముందే కంపెనీని అడగాలి. ఇక్కడ కొన్నా ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వారంటీలోంచి పోయినట్టే.

ఆటల్లో డబ్బు సంగతి అమ్మీ, అబ్బా ఇద్దరూ తెలుసుకోవాలి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా వాటన్నిటినీ ఆపింది. జూదం మనకెలాగూ హరామ్. అయితే మామూలు ఆటల్లోనే లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే పెట్టెలుంటాయి. పిల్లల స్టీమ్ ఖాతాకి మీ కార్డు, యూపీఐ జోడించకండి.

కంప్యూటర్ ఇంటికి తెచ్చేముందు షాపులోనే అరగంట ఆట నడిపించి చూడండి. రెండో విడతలో కార్డు పెట్టించాక మానిటర్ కేబుల్‌ని బోర్డు నుంచి తీసి కార్డుకి మార్చాలి. 144 హెర్ట్జ్ మానిటర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అంకె ఎంచుకోవాలి, చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది.