గన్నేరు: పూజకు పువ్వు, నోటికి విషం

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మన తండాల్లో, చెంచు పెంటల్లో పెరిగినవారికి గన్నేరును కొత్తగా చూపించనక్కర్లేదు. చేలన్నీ మాడిపోయే ఎండల్లోనూ పచ్చగా ఉండి పూసే పొద. కనబడ్డ ప్రతి ఆకునూ కొరికి చూసే మేక కూడా దీని జోలికి రాదు. మన మెట్ట ఊళ్లలో ఇంటి ముందు, గుడి దగ్గర, బావి గట్టున ఇది నిలిచింది అందుకే. ఈనాడు పెద్ద రోడ్ల డివైడర్ల మీద నాటుతున్నదీ అందుకే.

సంస్కృతంలో దీనికి కరవీరం అని ఒక పేరు, అశ్వమారకం అని ఇంకో పేరు. రెండోదానికి గుర్రాన్ని చంపేది అని అర్థం. సుశ్రుత సంహిత వేరులో విషమున్న ఎనిమిది మొక్కల్లో దీన్ని లెక్కగట్టింది. అయినా వైద్యులు దీన్ని వదిలిపెట్టలేదు. నూనెలో కాచి చర్మరోగాలకు పైపూతగా వాడారు. మా హాస్టల్‌కు పిల్లల్ని చూడవచ్చే అవ్వలు చెప్పేదీ అదే: గజ్జికి, తామరకు ఆకు నూరి పైన రాయాలి, లోపలికి మాత్రం పోనీయరాదు. వేప, కానుగ పుల్లలతో పళ్లు తోముకునే పిల్లలకు గన్నేరు పుల్ల విరవొద్దని ముందే చెప్పేవారట. బతుకమ్మలో గన్నేరు పూలు పేర్చేవారు ఇప్పటికీ ఉన్నారు. పేర్చడం వరకే, నోటికి కాదు.

పచ్చ గన్నేరు కథ వేరు. అది మెక్సికో, మధ్య అమెరికా నేలల నుంచి వచ్చింది. ఊళ్లో 'గన్నేరు పప్పు' అనేది దాని గింజనే. ఆ మాట ఎవరైనా కోపంలో అన్నా ఇంట్లో ఆడవాళ్లు నోరు మూయిస్తారు, ఎందుకో మనందరికీ తెలుసు. శ్రీలంకలో 1980ల నుంచి ఆ గింజ తిని ఏటా వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

రెండింటిలోనూ ఉన్నవి గుండె లయను చెదరగొట్టే పదార్థాలే. ఒలియాండ్రిన్, థెవెటిన్ వాటిలో ముఖ్యమైనవి. 1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం వైదరింగ్ డిజిటాలిస్ ఆకు గురించి రాశాడు కదా, అదీ ఈ కోవకు చెందినదే. కేరళలో ఒక యువతి మరణం తర్వాత 2024 మే నెలలో ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు తన గుళ్లలో నైవేద్యానికి, ప్రసాదానికి ఈ పువ్వు వాడకం ఆపింది.

మా దగ్గర తల్లిదండ్రులు పచ్చ గన్నేరును కొట్టేయమంటారు, ఎర్రదాన్ని బతుకమ్మకు ఉంచమంటారు. ఎర్రదీ విషమేనని చెబితే నమ్మరు. చిన్నపిల్లలుండే చోట రెండూ ఉండరాదని మేము అంటాం. ఎవరైనా నమిలితే ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు తాగించి వాంతి చేయిస్తూ పొద్దుపుచ్చొద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి, తిన్న ఆకో గింజో మిగిలి ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లాలి. పిల్ల బాగానే ఉన్నట్టు కనబడినా ఇంటికి తేవొద్దు. గుండె కొట్టుకోవడంలో తేడా కొన్ని గంటల తర్వాత కూడా రావొచ్చు, అది ఈసీజీలోనే తెలుస్తుంది.