తెర మీద మహాభారతం – తెర వెనుక మనుషులు

దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా గారి 'మహాభారత్' ధారావాహిక 1988 అక్టోబరు 2వ తేదీ ఆదివారం నాడు మొదలైనది. 94 భాగములుగా సాగి 1990లో ముగిసినది. ఆ రోజుల్లో టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు అంతా చేరేవారు. అది ఎవరి ఇల్లు, ఏ మతం వారి ఇల్లు అని చూసుకునేవారు కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు డీడీ భారతి దానిని మళ్ళీ ప్రసారం చేసింది. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కూడా జనం కూర్చుని చూశారు. కృష్ణుడు నితీశ్ భరద్వాజ్ అని, భీష్ముడు ముఖేశ్ ఖన్నా అని చెప్పగలవారు మన మహల్లాలో ఇప్పటికీ ఉన్నారు. కాని తెర మీద గబగబా కదిలిపోయిన ఆ మిగతా పేర్లను చదివినవారు ఎందరు? ఆ పేర్ల సంగతి నాలుగు మాటలు ఇక్కడ వ్రాయదలచినాము.

ముందుగా చెప్పవలసినది డా. రాహీ మాసూమ్ రజా గారిని గురించి. ఆ ధారావాహికకు సంభాషణలు వ్రాసినవారు ఆయనే. 1927లో ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా గంగౌలీ గ్రామానికి చెందిన కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో జబ్బు చేసి కాలు దెబ్బతిన్నది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే ఉర్దూ బోధించారు. ఆయన డాక్టరేట్ పరిశోధన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అనే పెద్ద దాస్తాన్ మీద. దాస్తాన్ అంటే రోజుల తరబడి, నెలల తరబడి చెప్పే కథ. ఎక్కడ ఆపాలి, మరునాడు ఎక్కడ అందుకోవాలి, వంద మంది పాత్రలలో ఒకరిని ఎప్పుడు ముందుకు తేవాలి అన్నది దాస్తాన్ చెప్పేవారికి తెలిసిన విద్య. వారానికి ఒక భాగం చొప్పున రెండేళ్ళు నడిచే కథకు కావలసినది సరిగ్గా అదే కదా!

1966లో వచ్చిన ఆయన నవల 'ఆధా గావ్' గంగౌలీ ముస్లిం కుటుంబాల మొహర్రం సందడిని, దేశ విభజన తెచ్చిన దుఃఖాన్ని చెబుతుంది. 1965 యుద్ధంలో అమరుడై పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ గారు కూడా గాజీపూర్ జిల్లా వారే. ఆయన జీవితచరిత్ర వ్రాసినది కూడా రాహీ సాహెబే. తరువాత బొంబాయి వెళ్ళి సినిమాలకు సంభాషణలు వ్రాశారు. 1979లో వచ్చిన 'గోల్‌మాల్' చూసి నవ్వని వారెవరు? ఆ మాటలు ఆయనవే.

చోప్రా గారు మహాభారతం వ్రాయమని అడిగినప్పుడు ఆయన తీరిక లేదని మొదట ఒప్పుకోలేదట. అయినా చోప్రా గారు ఆయన పేరు పత్రికల వారికి ప్రకటించేశారు. అంతే, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. హిందువులంతా చచ్చిపోయారా, ఒక ముసల్మానుతో వ్రాయిస్తారా అని వాటి సారాంశం. చోప్రా గారు ఆ ఉత్తరాలను ఉన్నవి ఉన్నట్లు రాహీ సాహెబ్‌కు పంపించారు. అవి చదివిన తరువాతనే ఆయన మనసు మార్చుకుని, తానే వ్రాస్తానని, గంగమ్మ బిడ్డనైన తనకంటే ఈ దేశపు సంస్కృతి ఎవరికి ఎక్కువ తెలుసునని అన్నారని ఆయన ఆత్మీయులు చెప్పినారు. తనకు ముగ్గురు తల్లులని, కన్నతల్లి ఒకరు, అలీగఢ్ విశ్వవిద్యాలయం ఒకరు, గంగానది ఒకరు అని ఆయన చెప్పుకొనేవారు. భీష్ముడు కూడా గంగ కొడుకే అన్నది మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మా తరగతిలో పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు: "ఉస్తాద్, మనకెందుకు ఆ కథ?" అని. గమనించండి! ఆ ఉత్తరాలు వ్రాసినవారు "మీకెందుకు?" అన్నారు. మన పిల్లవాడు "మనకెందుకు?" అంటున్నాడు. మాట వేరు గాని గోడ ఒక్కటే. విద్య తండ్రి నుంచి ఆస్తిలాగా రాదు, చదివినవాడిదే విద్య. రాహీ సాహెబ్ చదివారు గనుక వ్రాయగలిగారు.

అయితే 'మనవాడు వ్రాశాడు' అని ఛాతీ విరుచుకుని ఊరుకుంటే అది సగం న్యాయమే. ఆయన పక్కన పండిత నరేంద్ర శర్మ గారు ఉన్నారు. హిందీ కవి, సంస్కృతం తెలిసిన పెద్దమనిషి. ఆకాశవాణి 'వివిధ భారతి'ని తీర్చిదిద్దిన వారిలో ఒకరు. శాస్త్ర విషయములలో సలహా, గీతరచన ఆయనవి. 1989 ఫిబ్రవరిలో, ధారావాహిక ఇంకా నడుస్తుండగానే ఆయన కన్నుమూశారు. ఒక ఉర్దూ అధ్యాపకుడు, ఒక సంస్కృతం ఎరిగిన పండితుడు కూడబలుక్కుని నిలబెట్టిన కథ అది.

మూలంలో వైశంపాయనుడు జనమేజయునికి చెబుతాడు. ఆ కథనే సూతుడు శౌనకాది మునులకు చెబుతాడు. మరి టీవీలో చెప్పేదెవరు? ఇన్ని తరాలను చూసినవాడు ఒక్కడే – కాలం. 'సమయ్' అనే కాలపురుషుని చేత కథ చెప్పించే ఆలోచన రాహీ సాహెబ్‌దేనని అంటారు. ఆ గొంతు హరీశ్ భిమానీ గారిది. తెర మీద తిరిగే చక్రమే గాని మనిషి ముఖం కనబడదు. దేశమంతా ఆ గొంతును గుర్తు పట్టింది, ఆ మనిషి బజారులో ఎదురైతే మాత్రం గుర్తు పట్టలేదు!

'పితాశ్రీ', 'మాతాశ్రీ', 'భ్రాతాశ్రీ' అనే పిలుపులు పిల్లల నోళ్ళలో ఎంతగా నానినవో పెద్దలకు జ్ఞాపకముండును. మన ఇళ్ళల్లో అబ్బాజాన్, అమ్మీజాన్, భాయీజాన్ అంటాము కదా. ఆ నమూనా మీదనే రాహీ సాహెబ్ వాటిని వాడారని చెబుతారు. అది నిజమైతే, మన వాకిట్లోని అదబ్ హస్తినాపురం రాజసభలోకి నడిచి వెళ్ళినదన్న మాట.

మిగతావారిని కూడా తలుచుకుందాము. దర్శకత్వంలో చోప్రా గారికి తోడు వారి కుమారుడు రవి చోప్రా. కెమెరా చోప్రా గారి తమ్ముడు ధరమ్ చోప్రా. 1965 నాటి 'వక్త్' సినిమాను కళ్ళకు కట్టినవారు ఆయనే. సంగీతం రాజ్‌కమల్. ప్రతి భాగం మొదట్లో వినవచ్చే గొంతు మహేంద్ర కపూర్. దుస్తులు మగన్‌లాల్ డ్రెస్‌వాలా వారివి. ఏ పాత్రకు ఎవరు సరిపోతారో వెతికిపెట్టిన గూఫీ పెయింటల్ చివరకు తానే శకుని వేషం కట్టారు. ఇక కిరీటానికి పూత పూసినవారు, దీపాలు మోసినవారు, గుర్రాలను పట్టుకున్నవారు, నటులకు టీ తెచ్చి ఇచ్చినవారు – వారి సంగతి చరిత్ర ఎక్కడా వ్రాసుకోలేదు.

ఈ పని కొత్తదేమీ కాదని చరిత్ర చెబుతున్నది. 1580లలో అక్బర్ పాదుషా ఆజ్ఞపై మహాభారతాన్ని ఫార్సీలోకి తెచ్చారు. దాని పేరు 'రజ్మ్‌నామా', అంటే యుద్ధగ్రంథం. పండితులు సంస్కృతం చదివి అర్థం చెప్పేవారు, నకీబ్ ఖాన్ మొదలైనవారు ఫార్సీలో వ్రాసేవారు. ముల్లా బదాయూనీకి ఆ పని బొత్తిగా ఇష్టం లేదు, ఆ సంగతి తన చరిత్రలో దాచకుండా వ్రాసుకున్నాడు కూడా. నకీబ్ ఖాన్ మాత్రం గ్రంథం చివర తనకు అర్థం చెప్పిన బ్రాహ్మణ పండితుల పేర్లు వరుసగా వ్రాసి పెట్టాడు. నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఆ మర్యాద ఉన్నది!

మన తెలుగునాట కూడా పిఠాపురం వాసి, కవి ఉమర్ అలీషా గారు (1885–1945) తెలుగులో పద్యాలు చెప్పి, అవధానాలు చేసి, పురాణ కథలతో నాటకాలు వ్రాసినారు. ఉర్దూ ఉన్న నోట తెలుగు నిలవదని, తెలుగు ఉన్న నోట ఉర్దూ నిలవదని అనుకునే తల్లిదండ్రులు ఈ పేర్లను ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. పిల్లవాడికి రెండు భాషలు నేర్పితే రెండు ఇళ్ళ తాళంచెవులు ఇచ్చినట్లే.

రాహీ సాహెబ్ 1992 మార్చి 15న పరమపదించారు. ఆయన పేరు ఆ ధారావాహిక నడిచినన్నాళ్ళూ ప్రతి ఆదివారం తెర మీద కొన్ని క్షణాలు కనబడేది, అంతే.

చివరగా సంఘ సభ్యులకు ఒక మనవి. మన సంఘంలో కూడా తెర వెనుకవారు ఉన్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు రాత్రివేళ కూర్చుని నింపి పెట్టేవారు, వార్షికోత్సవం నాడు దేగ్చీలు కడిగేవారు, ఆసుపత్రిలో అనాథ రోగి పక్కన కూర్చునేవారు. వేదిక మీద శాలువాలు కప్పించుకునేవారి ఫోటోలు ప్రతి ఏడూ వేస్తున్నాము, సంతోషమే. నకీబ్ ఖాన్ చేసినట్లు, వచ్చే సంచిక చివరి పేజీలో ఈ మిగతావారి పేర్లు కూడా వరుసగా అచ్చు వేయాలని కోరుతున్నాము. ఆ పేర్లు పోగు చేసే బాధ్యత మేమే తీసుకొంటాము. తెలిసినవారు దయచేసి మాకు చెప్పగలరు.